బాండుమేళానికీ విమర్శ కావాలి

మా అమ్మాయికి 11 ఏళ్ళు. ఈ దేశంలో పిల్లలు ఐదో తరగతికో ఆరో తరగతికో వచ్చేసరికి బడివాళ్ళు ఇంటికి ఒక కాగితం పంపుతారు. పిల్లని బాండులో చేర్చదలుచుకుంటే ఏ వాద్యం నేర్పించమంటారో మొదటి కోరిక, రెండో కోరిక, మూడో కోరిక వరసగా రాయమని దాని సారాంశం. మీలో చాలామంది ఇళ్ళకి ఆ కాగితం వచ్చే ఉంటుంది. మా ఇంట్లో అది వారం రోజులు ఫ్రిజ్ తలుపుకి అంటుకుని ఉండిపోయింది. ఎందుకంటే మా అమ్మాయి మొదటి కోరిక దగ్గిర డ్రమ్స్ అని రాసింది. రెండో కోరిక దగ్గిరా, మూడో కోరిక దగ్గిరా కూడా అదే రాసింది.

మా ఆవిడ ఫ్లూటు అయితే బాగుంటుందంది. ఎంతైనా మన వేణువుకి చుట్టం కదా అని ఆవిడ వాదన. నేను తగువు తీర్చే పెద్దమనిషిలా క్లారినెట్టు అన్నాను. ఆ ఆదివారం ఫోనులో సంగతి విని మా అమ్మ, "ఆడపిల్ల డప్పు కొట్టుకుంటూ వీధిలో నడవడమేమిట్రా!" అంది. అందరం నవ్వాం. ఫోను పెట్టేశాక నాకు ఆ నవ్వు నచ్చలేదు. అమ్మ మాటలో వాద్యం మీద అయిష్టం కన్నా, ఆ వాద్యం వాయించే మనుషుల మీద మనకున్న తేలికభావమే ఎక్కువ వినిపించింది. ఆ మాట నేనూ అనగలిగినవాణ్ణే. అనకుండా ఆగడానికి కారణం 2016లో ఇండియానాపొలిస్‌లో చూసిన ఒక పోటీ. ముందు దాన్ని గురించి చెప్పి, తరవాత మన బాండుమేళాల సంగతికి వస్తాను.

అప్పటికి నేను ఒహయోలో రెసిడెన్సీ చేస్తున్నాను. నాతో రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సు కొడుకు వేసవుల్లో డ్రమ్ కోర్‌లో ట్రంపెట్టు వాయించేవాడు. ఆవిడ మాట మీద ఒకసారి దగ్గిర ఊళ్ళో జరిగిన ప్రదర్శనకి వెళ్ళాను. అంతే, ఆ పిచ్చి పట్టుకుంది. సెలవు దొరికితే చాలు, బాండు ఎక్కడ ఆడుతోందా అని వెతుక్కోవడం అలవాటైపోయింది. 2016లో అమ్మా నాన్నా మా దగ్గిర ఉన్నారు. ఆగస్టులో ఫైనల్స్‌కి అందరం బయల్దేరాం. పులిహోర, పెరుగన్నం, రెండేళ్ళ పిల్ల, అయిదు గంటల కారు ప్రయాణం. దారిలో నాన్న, "పెళ్ళి బాండు చూడడానికి ఇంత దూరమట్రా? పైగా టిక్కెట్టు కూడానా?" అన్నారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. లెక్క కుదరని ఖర్చు ఆయనకి నచ్చదు.

ఈ పోటీ సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. దీన్ని డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ నడుపుతోంది. సంస్థ పుట్టింది 1971లో. మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో జరిగింది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచారు. 2009 నుంచి ఫైనల్స్‌కి ఇండియానాపొలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియం స్థిరమైన ఇల్లయింది. ఫుట్‌బాల్ ఆట విరామంలో కాలేజీ బాండ్లు చేసే సందడితో దీన్ని కలపకూడదు. ఇక్కడ వేరే ఆట లేదు, బాండే ఆట.

2016లో ఒక్కొక్క బృందంలో నూటయాభై మంది దాకా ఉండేవారు. అందరూ 22 ఏళ్ళ లోపువాళ్ళే. ఇత్తడి వాద్యాలు, డ్రమ్స్, మైదానం అంచున కదలకుండా నిలబెట్టిన మరింబాల వంటి వాద్యాలు, జెండాలూ కర్ర తుపాకులూ గాలిలోకి ఎగరేసి పట్టుకునే కలర్ గార్డు పిల్లలు, వీళ్ళందరూ కలిస్తే ఒక కోర్. ఫ్లూటు, క్లారినెట్టు, శాక్సఫోను వంటి వాద్యాలకి ఇందులో చోటు లేదు. మే నెలలో సాధన మొదలుపెట్టి, బస్సుల్లో దేశమంతా తిరుగుతూ, రాత్రిపూట బడి జిమ్నాజియం నేల మీద పడుకుంటూ, పగలంతా ఎండలో నడుస్తూ ఆగస్టు దాకా ఒకే ఒక ప్రదర్శనని చెక్కుతారు. అది పన్నెండు నిమిషాలకి మించదు.

వైద్యుణ్ణి కనక ముందుగా నా కన్ను పడింది వాళ్ళ పాదాల మీద. మైదానంలో అయిదేసి గజాలకి ఒక తెల్లగీత ఉంటుంది. మామూలు లెక్కన ఆ అయిదు గజాలని ఎనిమిది అడుగుల్లో నడవాలి. అంటే అడుగుకి 22న్నర అంగుళాలు. పొట్టివాడికీ అంతే, పొడుగువాడికీ అంతే. మడమ ముందు ఆనుతుంది, పాదం పడవలా దొర్లి వేళ్ళ మీదికి వస్తుంది, ఆ అదురుని మోకాలూ తుంటీ మింగేస్తాయి. నడుము పైభాగం నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకున్న మనిషిలా నిలకడగా ఉంటుంది. ఇది సొగసు కోసమే నేర్పేది కాదు. ఇత్తడి వాద్యంలో నాదం పుట్టేది పెదవుల అదురు వల్ల. ఒళ్ళు కుదిపితే పెదవి మీద నొక్కుడు మారుతుంది, స్వరం చెదురుతుంది. పరుగులాంటి నడకలో, రొప్పు వచ్చే స్థితిలో, పొడుగాటి స్వరాన్ని వణుకు లేకుండా నిలబెట్టడం ఎంత కష్టమో ఒకసారి మేడమెట్లు ఎక్కుతూ ఈల వేసి చూసుకుంటే తెలుస్తుంది.

రెండోది చెవి సంగతి. ఇది నాన్నకి బాగా నచ్చింది. మైదానం పొడుగు 100 గజాలు, అంటే 91 మీటర్లు. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కనక ఈ చివర కొట్టిన దెబ్బ ఆ చివర వినపడడానికి పావు సెకనుకి పైగా పడుతుంది. నిమిషానికి 180 దరువుల వేగంలో ఒక్క దరువు నిడివి సెకనులో మూడోవంతు. అందువల్ల చెవిని నమ్ముకుని ఎవరికి వాళ్ళు వాయిస్తే అటు చివరివాళ్ళు ముప్పాతిక దరువు వెనకబడతారు. మైదానమంతా గందరగోళమే. "చెరువు అవతలి గట్టున బట్టలు ఉతుకుతుంటే బండ మీద దెబ్బ ముందు కనపడి తరవాత వినపడుతుంది, అదే కదూ?" అన్నారు నాన్న. అదే. అందుకని దూరాన ఉన్నవాళ్ళు చెవిని పక్కన పెట్టి, ఎదురుగా ఎత్తున నిలబడ్డ డ్రమ్ మేజరు చేతుల్ని చూసి వాయిస్తారు. ముందువరస వాళ్ళు మాత్రం వెనకనుంచి వచ్చే డ్రమ్ముల ధ్వని తమని చేరినప్పుడు దానితో కలుస్తారు. ఎవరు కంటిని నమ్మాలో ఎవరు చెవిని నమ్మాలో చోటునిబట్టి మారుతూ ఉంటుంది. ఇన్ని సర్దుబాట్లు జరిగితేగాని పైన కూచున్న మనకి ఒక్క దెబ్బ ఒక్క దెబ్బలా వినపడదు.

ఆ ఏడు గెలిచినవాళ్ళు ఒహయోలోని కాంటన్ ఊరి బ్లూకోట్స్. 1972లో ఆ ఊరి పోలీసుల బాలుర క్లబ్బు నీడన పుట్టిన బృందం. నీలికోటు అన్న పేరు ఆ పోలీసులని తలుచుకునేదే. 44 ఏళ్ళ తరవాత వాళ్ళకి అది మొదటి ఛాంపియన్‌షిప్. ప్రదర్శన పేరు 'డౌన్ సైడ్ అప్'. మైదానం మీద పెద్దపెద్ద వంపు బల్లలు, పార్కులో పిల్లల జారుడుబల్లల వంటివి, పెట్టారు. నెత్తిన ఈకల టోపీలు లేవు. పిల్లలు వాటి మీదికి ఎక్కడం, జారడం, వాలుమీద ఒరిగి వాయించడం. తలకిందులు అన్న భావాన్ని పేరుతో సరిపెట్టకుండా ఒంటితో చూపించారు. ఆ జారుడులో ఒక చిన్నపిల్లల సరదా ఉంది. సంగీతం ఆ సరదాకి తగ్గట్టు ఒరుగుతూ పోయింది. నా మటుకు అది గెలవవలసిన ప్రదర్శనే.

కాని ఒక లోటు కూడా చెప్పాలి. బల్లలు వచ్చాక నడక తగ్గింది. ఈ కళకి తనదంటూ ఒక సొత్తు ఉంది. అది నూటయాభై మంది మనుషులు కలిసి గీసే రేఖ. గార్ఫీల్డ్ కేడెట్స్ 1983, 84, 85 మూడేళ్ళూ వరసగా గెలిచిన రోజుల్లో వారికి ఆ రేఖలు గీసిన జార్జ్ జింగాలీ, అంతకుముందు అద్దంలో ప్రతిబింబంలా కుడి ఎడమలు సరిసమానంగా ఉండే పద్ధతిని వదిలి, ఒక ఆకారం ఇంకో ఆకారంలోకి కరిగిపోయేలా చేశాడు. వాటి పాత రికార్డింగులు ఇప్పుడు చూసినా, ఒక వంపు తిరిగి తిరిగి ఎక్కడ విప్పుకుంటుందో ముందుగా చెప్పలేం. దానికి ఏ సామగ్రీ అక్కర్లేదు, మనుషులు చాలు. బల్లలతో వచ్చే ఆశ్చర్యం మొదటిసారి చూసినప్పుడు ఎక్కువ, అయిదోసారికి తక్కువ. నడకతో వచ్చే ఆశ్చర్యం అలా అరగదు.

ఇంకో ఫిర్యాదు ధ్వని మీద. 2000 దాకా ఈ పోటీల్లో జి శ్రుతి బ్యూగిళ్ళే వాయించేవారు. ఆ ఏడు ఏ శ్రుతి ఇత్తడి వాద్యమైనా సరే అన్నారు. 2004లో మైకులకీ, 2009లో ఎలెక్ట్రానిక్ వాద్యాలకీ తలుపు తెరిచారు. దానివల్ల మరింబాలు వినపడుతున్నాయి, అది మంచిదే. కాని అడుగున సింథసైజరు గుంయిమని మోగుతూ ఉంటే ట్యూబాలు వాయించే పిల్లల కష్టం ఎంతో, యంత్రం సాయం ఎంతో తెలియడం లేదు. పైకప్పు ఉన్న స్టేడియంలో ఆ మోత గోడలకి కొట్టుకుని తిరిగి వస్తుంది. మా అమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది. మా అమ్మాయి మాత్రం తన గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతూ కూచుంది. ఆ వయసు పిల్లకి డ్రమ్ము చెవికన్నా ముందు గుండెకి వినపడుతుంది కాబోలు.

నాన్నని కదిలించినవి మాత్రం అయిదు పెద్ద బాస్ డ్రమ్ములు. అయిదూ అయిదు శ్రుతుల్లో ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కొక్కరి భుజాన ఉంటుంది. ఒకే పలుకుబడిని అయిదుగురూ పంచుకుంటారు. ఒకడు మొదటి దెబ్బ, రెండోవాడు రెండో దెబ్బ, ఇలా గులకరాళ్ళు దొర్లినట్టు అయిదుగురి మీదుగా పోతుంది. ఒక్కడు జాగు చేస్తే వాక్యంలో అక్షరం జారిపోయినట్టు ఉంటుంది. అది విని నాన్న ముందుకి వంగి కూచున్నారు. "అక్కడెవడు తప్పాడో ఇక్కణ్ణించి ఎలా తెలుస్తుందిరా వాళ్ళకి?" అని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబే ఈ వ్యాసానికి అసలు విషయం.

మార్కుల పద్ధతి ఇది. మొత్తం 100. అందులో ప్రదర్శన మొత్తం మీద కలిగే ప్రభావానికి 40, చూపుకి 30, సంగీతానికి 30. చూపులో నడక నైపుణ్యం, రచన, కలర్ గార్డు విడివిడిగా చూస్తారు. సంగీతంలో ఇత్తడి, డ్రమ్స్, మొత్తం కూర్పు విడివిడిగా చూస్తారు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క జడ్జి. 1983 దాకా ఇంకో పద్ధతి ఉండేది. కంటికో చెవికో తగిలిన ప్రతి తప్పుకీ పదోవంతు మార్కు కోసేవారు. అలా కోస్తే కష్టమైన పని జోలికి ఎవరూ పోరు, తప్పు దొర్లని సులువైన పనే చేస్తారు అని గ్రహించి 1984 నుంచి దాన్ని వదిలేశారు. ఏం సాధించదలిచారు, దాన్ని ఎంత బాగా సాధించారు అని రెండువైపులా చూసి మార్కులు కూడడం మొదలుపెట్టారు. సాహిత్య విమర్శలో మనం ఇంకా చాలామంది ఈ మొదటి పద్ధతి దగ్గిరే ఉన్నాం అనుకుంటాను.

మార్కులకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ప్రదర్శన జరుగుతున్నంతసేపూ జడ్జి ఒక రికార్డరులోకి మాట్లాడుతూనే ఉంటాడు. ఒకప్పుడు కేసెట్టు, ఇప్పుడు కంప్యూటరు ఫైలు. "ఎడమవైపు మూడో ట్రంపెట్టు శ్రుతి పైకి పోతోంది, ఈ వంపులో అడుగులు కురచవుతున్నాయి, ఆహా ఈ విరుపు బాగుంది" అనే ధోరణిలో. ఆ రికార్డు బృందం బోధకుల చేతికి వస్తుంది. మర్నాటి సాధనలో దాన్నిబట్టి దిద్దుకుంటారు. బోధకులూ జడ్జీలూ ఎదురెదురుగా కూచుని వాదించుకునే ఆనవాయితీ కూడా ఉంది. మా ఆసుపత్రుల్లో రోగి చనిపోయినా, పొరపాటు జరిగినా అందరం కూచుని ఎక్కడ ఏం తప్పిందో తేల్చుకునే సమావేశం ఒకటి ఉంటుంది. అందులో ఒకసారి నిలబడ్డ డాక్టరెవరూ దాన్ని మర్చిపోరు. మర్నాటి రోగికి మాత్రం అది మేలు చేస్తుంది. ఈ బాండు పిల్లలు వేసవి పొడుగునా అటువంటి సమావేశంలోనే ఉంటారు.

ఈ పద్ధతిలో లోపం లేదనను. 1993 సంగతి ఈ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఏడు స్టార్ ఆఫ్ ఇండియానా అనే బృందం బార్బర్, బార్టోక్ అనే ఇద్దరు ఆధునిక స్వరకర్తల సంగీతం తీసుకుని, చప్పట్లకి ఎక్కడా చోటివ్వని ఒక ముభావమైన, కఠినమైన ప్రదర్శన చేసింది. ప్రేక్షకుల్లో చాలామందికి రుచించలేదు. ఫైనల్స్‌లో కేడెట్స్‌కి 97.4, స్టార్‌కి 97.3. ఒక్క పదోవంతు తేడాతో ఓడినవాళ్ళు పోటీల నుంచే తప్పుకున్నారు. ఆ మనుషుల కృషే తరవాత 'బ్లాస్ట్' అనే రంగస్థల ప్రదర్శనగా మారి, 1999లో లండన్‌లోనూ 2001లో బ్రాడ్వేలోనూ ఆడి, ఆ ఏడు టోనీ బహుమతి అందుకుంది. ఇప్పుడు చాలామంది 1993 నాటి ఆ ఓడిన ప్రదర్శననే గొప్పదంటారు. పదోవంతు మార్కు ఆనాటి రాత్రికి ఎవరు ముందో చెప్పగలదు, ఇరవై ఏళ్ళ తరవాత ఏది మిగులుతుందో చెప్పలేదు. అయినా ఒక్క సంగతి గమనించండి. ఆ ప్రదర్శనని నచ్చనివాళ్ళూ శ్రద్ధగా చూశారు. నచ్చకపోవడానికి కారణాలు చెప్పారు. అందుకే అది ఇంకా చర్చలో బతికి ఉంది.

ఇక డబ్బు సంగతి. ఈ బృందాలు మొదట్లో పేటల్లోని పిల్లల కోసం పుట్టినవి. మాజీ సైనికుల సంఘాలు, చర్చీలు, స్కౌటు దళాలు, పోలీసు క్లబ్బులు వీధి పిల్లల చేతికి ఒక బ్యూగిలూ ఒక డ్రమ్మూ ఇచ్చి దారిలో పెట్టేవి. ఇవాళ ఒక వేసవి పాల్గొనాలంటే పిల్లవాడి తల్లిదండ్రులకి వేల డాలర్ల ఖర్చు. ఆ ఖర్చు బృందాలనీ కుంగదీస్తోంది. 2018లో గెలిచిన శాంటా క్లారా వాన్‌గార్డ్ డబ్బు చిక్కుల్లో పడి 2023లో బరిలోకే దిగలేదు. 1934 నుంచి ఉన్న కేడెట్స్, పైన చెప్పిన జింగాలీ రేఖలు నడిచిన కేడెట్స్, న్యాయస్థానాల చిక్కులూ అప్పులూ మీదపడి 2024లో మూతబడింది. వీధి పిల్లల కళ కలిగినవాళ్ళ పిల్లల కళ అయింది. దాన్ని మెచ్చుకుంటూ రాసేటప్పుడు ఈ సంగతి దాచకూడదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మన పెళ్ళి బాండు కూడా తెల్లవాళ్ళ పటాలాల బాండు నుంచే వచ్చింది. ఆ కంటోన్మెంట్లూ ఆ సంస్థానాలూ పోయినా, భుజాల మీద జరీ పట్టీల కోటూ, క్లారినెట్టూ, యుఫోనియమూ మన ఊళ్ళలో మిగిలాయి. మూలం ఒకటే అయిన రెండు కొమ్మలు. ఒక కొమ్మ ఇండియానాపొలిస్ స్టేడియం దాకా ఎదిగింది. ఇంకొకటి లైట్లు మోసేవాళ్ళ వెనక, జనరేటరు బండి ముందు, పెళ్ళికొడుకు కారుకి దారి తీస్తూ అక్కడే ఉండిపోయింది. ప్రతిభలో తేడా వల్ల అని నేననుకోను. పాట సినిమాలో వచ్చిన వారానికల్లా స్వరాల కాగితం లేకుండా చెవితోనే పట్టి, క్లారినెట్టు మీద పలికించే మనిషి చెవి ఏం తక్కువది? డబ్బు ఒక కారణమే. కాని అన్నిటికన్నా పెద్ద కారణం వినేవాడు లేకపోవడం అని నా నమ్మకం. మన ఊరేగింపులో బాండు ఉండాలి, మోగాలి, అంతే. రెండో క్లారినెట్టు శ్రుతి తప్పిందని గాని, మొదటి క్లారినెట్టు గమకం బాగుందని గాని మనలో ఒక్కరు అన్న పాపాన పోలేదు. వాళ్ళతో మనం మాట్లాడే మాటలు రెండే: "ఇంకా మొదలెట్టలేదేం?" అని ఒకటి, "ఎంతిమ్మంటావు?" అని ఒకటి.

వినేవాళ్ళు ఉన్నచోట ఏం జరుగుతుందో కూడా మనకి తెలుసు. సన్నాయి కూడా వీధిలో నడుస్తూ వాయించే వాద్యమే. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా సాహెబు నాదస్వరానికి మద్రాసు సంగీత అకాడమీ 1998లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. తప్పొప్పులు పట్టే రసికులు, గుడి ముందు అర్ధరాత్రిదాకా కూచుని రాగాన్ని తూచేవాళ్ళు ఉన్న ఊళ్ళో ఆయన స్థిరపడ్డారు. ఆ రసికుల్లో పదోవంతు మన బాండుమేళానికి దొరికి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

డప్పు సంగతి ఇంకా కష్టమైనది. అది మాదిగవాడల వాద్యం. జాతరకి అది కావాలి, చాటింపుకి అది కావాలి, శవయాత్రకి అది కావాలి. వాయించినవాణ్ణి మాత్రం వాకిట్లోనే నిలబెట్టాం. చర్మానికి నిప్పు సెగ చూపించి శ్రుతి చేసుకోవడంలోనూ, నడకకి ఒక దరువు, గంతుకి ఒక దరువు మార్చడంలోనూ ఉన్న విద్యని విద్య అనలేదు. మా అమ్మ ఫోనులో అన్న మాట ఆ అలవాటులోంచి వచ్చింది. అమ్మని తప్పుపట్టి నేను తప్పించుకోలేను. అమెరికా పిల్ల స్నేర్ డ్రమ్ము తగిలించుకుని నడిస్తే చప్పట్లు కొట్టినవాణ్ణి, మా ఊరి డప్పు మనిషి పేరు ఒక్కటీ చెప్పలేను.

ఆ రాత్రి స్టేడియంలో జడ్జీల రికార్డుల సంగతి విన్నాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. హోటలుకి నడుస్తుండగా ఉన్నట్టుండి నా పెళ్ళి సంగతి ఎత్తారు. నా పెళ్ళికి బాండువాళ్ళు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చారు. మా బాబాయి మాట్లాడుకున్న డబ్బులో 500 రూపాయలు కోసి ఇచ్చాడు. అది కాస్త రగడయింది. నాకు ఆ బాండు గురించి గుర్తున్నది ఆ రగడ ఒక్కటే. నాన్న అన్నారు: "ఊరేగింపు గుడి దగ్గిర ఆగినప్పుడు ఆ క్లారినెట్టు ఆయన సినిమా పాట ఎత్తుకునే ముందు కాస్త మోహన వాయించారురా. రెండు నిమిషాలు కూడా ఉండదు. ఎవరూ వినలేదు. నేను విన్నాను. బాగుందని ఆయనతో ఒక్క మాట అనవలసింది." పొద్దున్న కారులో 'పెళ్ళి బాండు' అని తీసిపారేసిన మనిషి, రాత్రికి 'ఆయన' అన్నారు. ఆయన పేరు నాన్నకి తెలియదు. 500 కోసిన బాబాయికీ తెలియదు.

ఈ పత్రిక చదివేవారికి నా మనవి ఒక్కటే. మన సంఘం ఉగాదికీ సంక్రాంతికీ కార్యక్రమాలు జరుపుతుంది. మర్నెల పత్రికలో వాటి మీద సమీక్ష వస్తుంది. అందరూ శ్రావ్యంగా పాడతారు, నృత్యాలన్నీ కన్నులపండుగగా ఉంటాయి, ప్రేక్షకులు ప్రతిసారీ మంత్రముగ్ధులవుతారు. ఇటువంటి సమీక్షలు నేనూ రెండు రాశాను, అందుకే ధైర్యంగా అంటున్నాను. ఇవి చదివి బాగుపడ్డ కళాకారుడు ఒక్కడూ ఉండడు. పిల్ల ఎక్కడ తాళం తప్పిందో, ఎక్కడ మనసుపెట్టి చేసిందో చూసి చెప్పడానికి పది నిమిషాలు కళ్ళు తెరిచి కూచోవాలి. మనం ఆ పది నిమిషాలు వీడియో తీస్తూ గడిపేస్తున్నాం. పొగడ్త సులువు, దానితో బాధ్యత తీరిపోతుంది. తప్పు చెప్పాలంటే వినాలి. ఒక కళకి మనం ఇవ్వగల మర్యాద ముందుగా అదే. ఊరికి వెళ్ళినప్పుడు పెళ్ళిలో బాండు మోగితే ఒక్క అయిదు నిమిషాలు ఆగి వినండి. బాగున్నది బాగుందనండి, తప్పు కనపడితే మర్యాదగా అదీ చెప్పండి. వాయించినవారి పేరు అడగండి. ఇక్కడ మన వేదిక మీద ఎప్పుడైనా డప్పు మోగితే, ఆ రాత్రి ఎవరు వాయించారో, ఎలా వాయించారో ఈ పత్రికలో రాద్దాం.

చివరికి కాగితం మీద సంతకం పెట్టి పంపించాను. మొదటి కోరిక డ్రమ్స్, మిగతా రెండు కోరికలూ కొట్టేశాం. ఇంట్లోకి ఒక రబ్బరు పలకా, రెండు కర్రలూ వచ్చాయి. రోజూ సాయంత్రం అరగంటసేపు టకటకలు. మా ఆవిడ తలుపు వేసుకుంటుంది. మొదటివారం పిల్ల, "ఎలా ఉంది నాన్నా?" అని అడిగితే సమీక్షకుడిలా "చాలా బాగుందమ్మా" అన్నాను. "అలా కాదు, ఏది తప్పో చెప్పు" అంది. కుర్చీ లాక్కుని కూచుని మళ్ళీ వాయించమన్నాను. ఎడమచెయ్యి కాస్త వెనకబడుతోందని చెప్పాను. సరేనని ఆ ముక్క మళ్ళీ మొదలుపెట్టింది.